గుర్రాల బావికి గోడ

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో ఊరంతా గోడలే లేచాయి. ఆఫీసులకు గోడలు, ఆఫీసర్ల ఇళ్లకు గోడలు, గోడలు అందని చోట డేరాలు. బేల్దారి పని తెలిసినవాడికి కూర్చుని సంగటి తినే తీరిక ఉండేది కాదు. ఆ గోడల్లో సగం తానే కట్టానని ఏసేపు చెప్పుకునేవాడు. చెప్పుకోనీండి, ఎవరి సొమ్ము పోయింది? కానీ అతను కట్టిన గోడల్లో ఒకదాని ఊసెత్తితే మాత్రం మొహం పక్కకు తిప్పుకునేవాడు. అది గుర్రాల బావికి కట్టిన గోడ.

గుర్రాల బావి నవాబుల నాటి దిగుడు బావి. ఒకప్పుడు ఊరి బయట ఉండేది, ఊరే పెరిగి దాని మీదికి వచ్చింది. నవాబు గారి గుర్రాలు నేరుగా దిగి నీళ్లు తాగేందుకని వెడల్పాటి మెట్లు కట్టించారు. ఇరువైపులా నల్లరాతి గోడలు, ఎంత ఎండాకాలమైనా లోపల చల్లటి గాలి. గుర్రాలు దిగాయి. గుర్రాలను కడిగేవాళ్లు దిగారు. నవాబులు పోయాక ఊళ్లోవాళ్లు దిగారు, వాళ్ల ఎనుములు కూడా దిగాయి. మాలపేట ఆడవాళ్లు మాత్రం పై మెట్టు అవతల కడవ పెట్టుకుని, "రోంత నీళ్లు పొయ్యండమ్మా" అని వచ్చేపోయేవాళ్లను అడుక్కుంటూ కూర్చునేవాళ్లు. దయ కలిగిన తల్లి పోస్తే పోసినట్టు, లేకుంటే లేదు. గుర్రానికున్న పాటి హక్కు మనిషికి లేదేమని అడిగినవాడు ఆ ఊళ్లో ఒక్కడూ పుట్టలేదు.

ఏసేపు తల్లి వరమ్మ బతుకు సగం ఆ పై మెట్టు దగ్గరే గడిచింది. ఏసేపు కడుపులో ఉన్నప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం ఎంతసేపటికీ ఎవరూ రాక, కళ్లు తిరిగి అక్కడే పడిపోయింది. నీళ్లు ఎదురుగా కనబడుతూనే ఉన్నాయి. దిగి దోసెడు తాగితే చూసేవాడు కూడా లేడు. అయినా దిగలేదు. ఆ సంగతి కొడుకుకు నవ్వుతూనే చెప్పేది. చెప్పి చెప్పి, చివర్లో ఒక మాట అనేది.

"సచ్చేలోపల ఒక్కతూరి నా కడవ నేనే ముంచుకోవల్లరా ఏసేపా. నాకింగేం వద్దు."

ఆ గోడ కట్టడానికి ముందేడు చట్టం వచ్చింది. ఎవరైనా ఏ బావిలోనైనా నీళ్లు ముంచుకోవచ్చు, అడ్డం పడినవాడికి జైలు అని చర్చిలో అయ్యగారు చదివి వినిపించాడు. ఆ పూటే ఏసేపు తల్లిని వెంటబెట్టుకుని పోయి ఉండాల్సింది. పోలేదు. చేతిలో పని ఉంది. అది అయ్యాక ఇంకో పని. "బావి యాడికి పోతాదిలేమ్మా, ఆదివారం పోదాం" అనేవాడు. ఆదివారం వస్తే ఒళ్లు నొప్పులు, నిద్ర. వరమ్మ కూడా గట్టిగా అడిగే మనిషి కాదు. ఇన్నేళ్లు కూర్చున్నది ఇంకొన్నాళ్లు కూర్చోలేదా అని వాడి ధీమా. బావి ఎక్కడికీ పోదనుకోవడమే వాడు చేసిన తప్పు. ఎవరు మాత్రం అనుకుంటారు, బావి పోతుందని?

ఆ వేసవిలో నారికురుపులు లేచాయి. కాలి మీద బొబ్బ లేవడం, అది పగిలి దారంలాంటి పురుగు బయటికి రావడం, మనిషి నెలల తరబడి మంచాన పడడం. హెల్తు ఇన్‌స్పెక్టరు వచ్చి బావి చూసి, పుండ్లున్న కాళ్లతో నీళ్లలోకి దిగుతున్నారు, ఆ నీళ్లే తాగుతున్నారు, జబ్బుకు మూలం ఇదేనన్నాడు. మెట్లు మూసేసి, పైన గిలక కట్టి తోడుకోమన్నాడు. మంచి మాటే, కాదనలేం. బావిలో కాలు పెట్టడం తప్పన్నారు. ఇన్నాళ్లూ ఆ తప్పు మాలపేటకు మాత్రమే ఉండేది, ఇప్పుడు ఊరందరికీ వచ్చింది.

మెట్లకు అడ్డంగా గోడ కట్టే పని పుల్లన్న మేస్త్రీకి దక్కింది. పుల్లన్న దగ్గర బేల్దారి ఏసేపు. రాయి పేర్చేందుకు అతను ఆ మెట్ల మీద ఎన్నిసార్లు ఎక్కి దిగినా ఒక్కరూ ఏమీ అనలేదు. సున్నం తట్టతో దిగినవాడికి లేని అంటు కడవతో దిగితే ఎక్కడినుంచి వస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

గోడ పూర్తి కావచ్చిన సాయంత్రం పుల్లన్న వచ్చి చూసి నొసలు ముడిచాడు.

"నడిమద్య ఆ సందేందప్పా?"

"మా యమ్మను తీసకస్తా. ఒక్కతూరి దిగి నీళ్లు ముంచుకోనీ. ఎంటనే మూసేస్తా."

"రేపు ఇన్‌స్పెక్టరు వస్తాండాడు, తెల్సునా?"

"పొద్దున్నే తీసకస్తా. ఆయన వచ్చేటప్పటికి గోడే ఉంటాది, సందుండదు."

పుల్లన్న తల గోక్కున్నాడు. "నీ యిష్టం. సందు కనపడితే ఆయన నన్ను తిడతాడు, నేను నిన్ను తిడతా" అని వెళ్లిపోయాడు.

మర్నాడు వరమ్మ తలకు పోసుకుని, పండగ చీర కట్టుకుని బయలుదేరింది. కొత్త కడవ. దాన్ని మోస్తానంటే కొడుక్కు ఇవ్వలేదు. మోకాళ్లు నొప్పులు, అయినా దారిపొడుగునా మాటలే.

"వడగట్టుకోకుండా తాగగూడదమ్మా, పురుగుంటాది" అన్నాడు ఏసేపు.

"తాగేకి కాదులేరా" అంది ఆమె.

పచ్చి సున్నం చేతులకు అంటుకుంటుంటే గోడ సందులోంచి ముందు ఏసేపు దూరి, తల్లికి చెయ్యి అందించాడు. వరమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. ఇంకో మెట్టు దిగి గోడను అరచేత్తో తడిమింది. "సల్లగుండాదిరా" అంది. లోపల పావురాళ్లు కువకువలాడుతుంటే తలెత్తి చూసింది. పైనుంచి విని విని అవి ఎక్కడుంటాయో ఇన్నేళ్లూ ఆమెకు తెలియలేదట. రాతి గూళ్లు చూసి, "ఓ, ఈడ కాపురముండాయా" అని నవ్వింది. తల్లి అట్లా నవ్వడం ఏసేపు చూశాడు. ఏడాది కిందటే తీసుకొచ్చి ఉంటే రోజూ ఇట్లాగే నవ్వేది కదా అని తనను తానే తిట్టుకున్నాడు.

నీళ్లు దగ్గరికొచ్చాయి. ఇంక ఒంగితే అందుతాయి. వరమ్మ కడవను చంకలోంచి దించింది.

"ఎవురది లోపల?" అని పైనుంచి గొంతు వినిపించింది.

అందులో కోపం లేదు. అది కృష్ణవేణమ్మ గొంతు, బావి పక్క మిద్దె రెడ్డిగారి భార్యది. మాలపేట వాళ్లు అడిగిందే తడవుగా విసుక్కోకుండా నీళ్లు పోసిన తల్లి ఆ వీధిలో ఆమె ఒక్కతే. వరమ్మ కళ్లు తిరిగి పడిన రోజు మొహాన నీళ్లు చల్లింది కూడా ఆమే. బావి మూసేస్తున్నారని తెలిసి, గంగమ్మకు కడపటిసారి పసుపూ కుంకుమా ఇచ్చి పోదామని వచ్చింది.

ఎట్లా ఎక్కారో ఏసేపుకు తెలియలేదు. మరుక్షణంలో తల్లీ కొడుకులిద్దరూ సందు ఇవతల ఉన్నారు, గోడకు వీపులు ఆనించుకుని, ఆమెకు దోవ ఇచ్చి. వరమ్మకు రొప్పు వస్తోంది. కడవ ఆమె కాళ్ల దగ్గర నేల మీద ఉంది.

"వరమ్మా, నువ్వా?" అంది కృష్ణవేణమ్మ నవ్వుతూ. "ఆ మోకాళ్లతో నువ్వెందుకే దిగేది? నేను లేనా?"

"అదేం లేదు రెడ్డెమ్మా" అంది వరమ్మ.

'మా యమ్మే దిగుతాదమ్మా, రోంత ఆగండి.' ఇంతే అనాల్సిన మాట. చట్టం ఉంది, ఎదురుగా ఉన్నది మంచి మనిషి, అంటే కాదనేది కూడా కాదేమో. ఏసేపు ఇంకో అడుగు పక్కకు జరిగాడు. తిట్టే మనిషైతే తిరగబడేవాడు. నవ్వే మనిషిని ఏం చేయాలో వాడికి ఎవరూ నేర్పలేదు.

కృష్ణవేణమ్మ దిగి పూజ చేసుకుని, తన బిందె ముంచుకుని పైకి వచ్చింది. బిందె ఎత్తి పట్టుకుని, ఎప్పటిలాగే కడవకు తగలకుండా నీళ్లు పోసింది. కడవ నిండి పొర్లేదాకా పోసింది. వరమ్మ చేతులెత్తి దండం పెట్టి, "సల్లంగుండు తల్లీ" అంది. మనస్ఫూర్తిగానే అంది. కృష్ణవేణమ్మ కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి.

"ఇంగ మూసేయప్పా" అని ఏసేపుతో చెప్పి ఆమె వెళ్లిపోయింది.

"మ్మా, రా, మల్ల దిగుదాం" అన్నాడు ఏసేపు.

"ఎందుకురా? కడవ నిండింది గదా."

"నిండిన నీళ్లు పారబోస్తా. పా."

"ఆయమ్మ పోసిన నీళ్లు పారబోస్తావా? నోరు ముయ్."

అంతలోనే పుల్లన్న ఆదరాబాదరాగా వచ్చాడు. ఇన్‌స్పెక్టరు జీపు వీధి మొదట్లో ఆగిందట. ఏసేపు సున్నం కలిపాడు. రాయి మీద రాయి పెట్టాడు. ఇంత చేసి, నీళ్లదాకా తీసుకుపోతే, ఒక్క గొంతుకు బెదిరి పరుగెత్తుకొచ్చింది గదా ముసల్ది అని తల్లి మీద పీకలదాకా కోపం. ఆ కోపంతోనే చివరి రాయి కూడా బిగించాడు. పావురాళ్ల చప్పుడు గోడ వెనక్కి పోయింది.

ఇంటికి పోయేటప్పుడు కడవ తానే ఎత్తుకున్నాడు. కొంతదూరం పోయాక ఉండబట్టలేక అడిగేశాడు.

"అన్ని మెట్లు దిగినదానివి, ముంచుకోకుండా ఎందుకెక్కొస్తివమ్మా?"

వరమ్మ ఆగి కొడుకు మొహంలోకి చూసింది. వాడు నిజంగానే అడుగుతున్నాడని ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నేను కడవ వంచుతానే ఉంటిరా" అంది. "నువ్వే గదా, రెడ్డెమ్మ వస్తాండాది రామ్మా రామ్మా అని నా రెట్ట పట్టుకోని లాగితివి."

ఏసేపు తల్లి చేతివైపు చూశాడు. మోచేతికి పైన, వాడి సున్నం వేళ్లు పడిన చోట, తెల్లగా అచ్చు ఉంది. ఆమె దాన్ని కొంగుతో తుడుచుకుని, "పోనీలే, నడు. నీళ్లు తొణుకుతాండాయి" అంది.