స్టెప్నీ తీగలు రెండే

జూన్ పధ్నాలుగో తారీఖు పొద్దున్నే మదార్ సాహెబ్ గవర్నరుపేటలో తన రిపేరు కొట్టు షట్టరు ఎత్తబోతుంటే, మెట్ల మీద ఎవరో భార్యాభర్తలు కూర్చుని కనిపించారు. ఇద్దరి మధ్యనా ఒక థర్మోకోల్ చేపల పెట్టె ఉంది. దాని వాసన వీధి మలుపు దాకా వస్తోంది.

"మాకు చేపలొద్దండీ, నిన్ననే తెచ్చుకున్నాం" అన్నాడు మదార్ సాహెబ్ మర్యాదగానే.

"చేపలు కాదండీ సాయిబు గారూ, చేపల్ని చూపించేది" అంది ఆవిడ.

ఆవిడ పేరు గంగారత్నం. పక్కనున్న ఆయన పేరయ్య. బందరు పక్కన గిలకలదిండిలో వాళ్ళకో మరబోటు ఉంది. పెట్టె మూత తీస్తే దుప్పటి, దుప్పటి విప్పితే టిఫిను ప్లేటంత స్క్రీనున్న యంత్రం. బోటు అడుగు నుంచి నీళ్ళలోకి శబ్దం పంపి, కింద ఎంత లోతుందో, చేపలెక్కడున్నాయో ఈ స్క్రీను మీద చూపిస్తుందన్నమాట.

మదార్ సాహెబ్ కరెంటు ఇచ్చి చూశాడు. స్క్రీను కుడివైపు పైనుంచి కిందికి వేలెడు వెడల్పున తెల్లటి పట్టీ పడింది. మిగతాదంతా శుభ్రంగానే ఉంది.

"ఇంత బొమ్మ కనపడతంటే ఆ కాస్త పట్టీకి ఇబ్బందేంటండీ?"

"ఆ కాస్తలోనే ఉందండీ అసలంతా" అన్నాడు పేరయ్య. "లోతు అంకె అక్కడే పడద్ది. ఇప్పుడు బోటు కింద ఏముందో కుడి అంచునే పడద్ది. అక్కణ్ణించి ఎడమకి జరిగేదంతా మేం దాటొచ్చేసిన నీళ్ళు."

సముద్రం మీద వేటకి రెండు నెలల నిషేధం ఆ రాత్రితో తీరిపోతుంది. తెల్లవారితే రేవులో ఒక్క బోటూ మిగలదు. రేవు నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దాటగానే ఇసుక మేటలు, వాటి పక్కన ఎప్పుడో మునిగిన పాత బోటు ఒకటి. పోయిన ఏడు పేరయ్య వల దాన్లో చిక్కుకుని సగానికి సగం చిరిగింది. కొత్త స్క్రీనుకైతే పది రోజులు పడుతుందన్నారట.

"మూడు గంటల బస్సుకి మమ్మల్ని పంపించెయ్యాలండీ. మొదటి వేటకి కళ్ళకి గంతలు కట్టుకుని ఎట్టా పోను?" అన్నాడు పేరయ్య. గొంతులో నవ్వుంది గానీ చేతులు పెట్టెని వదలడం లేదు.

మదార్ సాహెబ్ లోపలికి చూసి పిలిచాడు. "జమాలూ, ఒకసారి రా."

బోర్డు మీద పేరు మదార్ సాహెబ్‌ది. టీవీ, ఫోను, ఏ స్క్రీనైనా విప్పేది ఆయన, కస్టమర్లతో మాట్లాడేదీ ఆయనే. భూతద్దం కింద చెయ్యి పెట్టి చేసే పని మాత్రం ఆయన భార్య జమాల్ బీది. పుట్టిల్లు కొండపల్లి. చిన్నప్పట్నుంచీ చెక్కబొమ్మలకి కళ్ళు, కనుబొమలు దిద్దిన చెయ్యి. వెంట్రుకంత గీత గీసేటప్పుడు ఆ చెయ్యి వణకడం ఎవరూ చూడలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి, మైక్రోస్కోపులోకి వంగి చూసి, తలెత్తకుండానే అడిగింది.

"ఏమ్మా, ఇందులో పసుపేంటి?"

గంగారత్నం మొహం ఎర్రబడింది. "ఏటా వేట మొదలెట్టే ముందు గంగమ్మ పూజ చేస్తానక్కా. బోటుకీ, ఇంజనుకీ, దీనికీ బొట్టు పెడతా. మాకిది కన్నులాంటిది కదా మరి."

"ఎక్కడ పెడతావు?"

"ఈ కుడి మూలన."

ఆరేళ్ళుగా అదే మూల. పల్చటి పసుపునీళ్ళు అంచు సందులోంచి లోపలికి దిగాయి. పైన ఉప్పు గాలి తోడైంది. స్క్రీనుకి సంకేతాలు మోసే సన్నటి టేపునీ, దాని కింద గాజు మీద ఉన్న తీగల్నీ రెండూ కలిసి కొరికేశాయి.

"నేనెప్పుడో చెప్పా, దానికొద్దని" అన్నాడు పేరయ్య.

"ఎప్పుడు చెప్పావు? పోయినేడు చేపలు సరిగ్గా పడలేదు, ఇంకాస్త గట్టిగా పెట్టమంది ఎవరు?"

జమాల్ బీ నవ్వు ఆపుకోలేక మైక్రోస్కోపు నుంచి జరిగింది. మదార్ సాహెబ్ వాళ్ళని ఓదార్చబోయాడు. "ఏం పర్లేదమ్మా. మా నాన్న కొత్త రేడియోకి తాయెత్తు కట్టాడు. అది లోపలికి జారి నెల్రోజులు రేడియో మూగబోయింది. ఈసారి బొట్టు యంత్రం నెత్తిన పెట్టండి, స్క్రీను జోలికి పోకండి."

పని మొదలైంది. టేపు ఊడదీసి, స్పిరిటుతో పసుపంతా తుడిచి, కొత్త టేపు వేడి మిషను కింద అతికించేసరికి పదకొండున్నర. కరెంటు ఇస్తే తెల్ల పట్టీ మాయం! గంగారత్నం చేతులు జోడించింది.

"ఆగండాగండి" అన్నాడు మదార్ సాహెబ్.

పట్టీ పోయినచోట వెంట్రుకల్లాంటి మూడు తెల్ల గీతలు మిగిలాయి. టేపు బాగైంది గానీ, గాజు మీదే మూడు తీగలు తెగిపోయాయి. వాటికి టేపు మార్చితే చాలదు.

"ఇప్పుడేంటండీ?" అన్నాడు పేరయ్య.

మదార్ సాహెబ్ ఓపిగ్గా చెప్పాడు. "గాజు అంచు చుట్టూ కంపెనీవాళ్ళే కొన్ని ఖాళీ తీగలు వేసి ఉంచుతారండి, కారుకి స్టెప్నీ లాగా. తెగిన తీగని పైనొకచోట, కింద ఒకచోట లేజరుతో స్టెప్నీ తీగకి అతికిస్తాం. పైనుంచి రావాల్సిన సంకేతం అంచు చుట్టూ తిరిగి కింద నుంచి ఎక్కుతుంది."

"ఉయ్యూరు కాడ రోడ్డు తెగితే బస్సుని గుడివాడ మీంచి తిప్పినట్టు" అంది గంగారత్నం.

"అంతేనమ్మా! నాకిన్నేళ్ళలో ఇంత బాగా చెప్పడం రాలేదు" అన్నాడాయన. మరుక్షణమే మొహం దించుకున్నాడు. "కాకపోతే తెగినవి మూడు. ఈ స్క్రీనులో స్టెప్నీలు రెండే."

కొట్టు పెట్టి పద్దెనిమిదేళ్ళు. గీత మిగిలిన స్క్రీను ఒక్కటి కూడా ఆయన కస్టమరు చేతికి ఇవ్వలేదు. బాగవ్వదంటే బాగవ్వదని చెప్పి పంపేవాడు గానీ, సగం పని చేసి ఇచ్చేవాడు కాదు. పాత పుస్తకాలు తిరగేశాడు, ఢిల్లీలో మిషను అమ్మినవాడికి ఫోను చేశాడు, బిర్యానీ పొట్లం విప్పి తినకుండా మళ్ళీ మడిచాడు. అలా ఒంటిగంట దాటిపోయింది. పేరయ్య గోడ గడియారాన్ని చూడకుండా ఉండాలని చూస్తున్నాడు, చూస్తూనే ఉన్నాడు.

"సాహెబు గారూ" అంది జమాల్ బీ. కోపమొస్తే భర్తని అలాగే పిలుస్తుంది. "స్క్రీను చూసుకునేది ఆయన. ఆయన్ని అడక్కుండా ఢిల్లీని అడుగుతారేంటి?"

పేరయ్యని స్క్రీను ముందు కూర్చోబెట్టి అడిగింది. "అన్నా, మూడు గీతల్లో రెండే తీయగలం. ఏది ఉండిపోయినా పర్లేదు?"

పేరయ్య క్షణం కూడా ఆలోచించలేదు. "ఇది అంకె మీద పడింది, ఇది పోవాలి. ఇది కుడి అంచు, ఇదీ పోవాలి. ఈ ఎడమపక్కది ఉండనీ అమ్మా. అక్కడికొచ్చేసరికి నీళ్ళు ఎనక్కెళ్ళిపోతాయి."

"గీత ఉండిపోద్దండీ!" అన్నాడు మదార్ సాహెబ్, తన ఒంటి మీదే ఉండిపోతుందన్నట్టు.

"ఉండనీండి."

"నా పేరేం కావాలి?"

"మీ పేరు దాని మీద రాసుందా అన్నయ్యా?" అంది గంగారత్నం. "రేపు మా ఆయన ఇంటికొస్తే చాలు."

ఆ మాట వినగానే ఆయన లేచాడు. లేజరు మిషను ఆన్ చేశాడు.

రెండు తీగలకి నాలుగు అతుకులు. వెంట్రుకవాసి తప్పితే పక్క తీగ కూడా పోతుంది. జమాల్ బీ ఊపిరి బిగబట్టింది. ఆవిడని చూసి గంగారత్నం బిగబట్టింది. ఫ్యాను కట్టేసిన ఆ గదిలో టిక్కుమని చిన్న చప్పుడు. ఒకటి. రెండు. మూడోదానికి ముందు జమాల్ బీ ఆగి, కొంగుతో నుదురు తుడుచుకుంది. మూడు. నాలుగు.

"వదులు తల్లీ, ఊపిరి వదులు" అన్నాడు పేరయ్య. ఎవరితో అన్నాడో, ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి వదిలారు.

కరెంటు ఇచ్చారు. సముద్రం లేకుండా స్క్రీనుని పరీక్షించడానికి అందులో డెమో ఉంటుంది. అది నొక్కగానే నీలం నీళ్ళు, ఎర్రటి నేల, పెద్ద పెద్ద చేపలు వరసగా వచ్చాయి. అంకె స్పష్టంగా ఉంది. కుడి అంచు అద్దంలా ఉంది. దానికి వేలెడు ఎడమగా ఒకే ఒక్క తెల్ల గీత.

"ఏవయ్యో, చేపలు!" అని కేకేసింది గంగారత్నం.

"డెమో అమ్మా, కంపెనీవాళ్ళ చేపలు."

"ఎవరివైతేనేం, ఎంత బలంగా ఉన్నాయో!"

మూడు గంటల బస్సు అందింది. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి జమాల్ బీ ఫోనుకి వీడియో కాల్ వచ్చింది. ముందు ఆకాశం, తర్వాత ఎవరిదో చెవి, ఆ తర్వాత పేరయ్య మొహం. ఇంజను చప్పుడు మీద అరుస్తున్నాడు.

"సాయిబు గారూ! మేటలన్నీ అంకె చూసుకుంటా దాటేశాం! పాత బోటు ఎక్కడుందో బొమ్మలా కనపడింది, చుట్టుకొచ్చేశాం! ఇంకోటి చెప్పనా? మీ గీత బంగారమండీ!"

"ఏ గీత?"

"మిగిలిపోయిందే! బోటు కింద కనపడ్డ చేప ఎడమకి జరిగి జరిగి ఆ గీత కాడికొచ్చేసరికి, ఎనకాల మా వల సరిగ్గా దాని మీదకొస్తంది! మావోళ్ళు గీత చూసే కేకేస్తన్నారు! ఇదిగో చూడండి!"

ఫోను తిరిగింది. వల నిండా వెండిలా మెరుస్తూ, ఎగురుతూ చేపలు. మదార్ సాహెబ్ ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్ళి, పక్కనున్న వాచీల కొట్టు ఆయనకీ, టీ బండి ఆవిడకీ, ఎవరడిగితే వాళ్ళకీ, అడగనివాళ్ళకీ చూపించి వచ్చాడు.

వారం తర్వాత మెట్ల మీద మరో చేపల పెట్టె. తెచ్చినాయన పేరు వెంకటకృష్ణారావు, ఆయనదీ గిలకలదిండే. మదార్ సాహెబ్ యంత్రానికి కరెంటు ఇచ్చి అన్ని మూలలూ చూశాడు. ఎక్కడా మచ్చ లేదు.

"ఇది బంగారంలా ఉంది కదండీ. బాగు చెయ్యడానికేముంది?"

"బాగానే ఉందండీ. పేరయ్యకి పెట్టారు కదా గీత, అది నాకూ పెట్టాలి."

మదార్ సాహెబ్ ఆయన్నీ, స్క్రీనునీ మార్చి మార్చి చూశాడు. పద్దెనిమిదేళ్ళుగా గీతలు తీసి బతికిన మనిషి! "గీతా? బాగున్న స్క్రీనుకా? నా చేత్తోనా?"

లోపల్నుంచి జమాల్ బీ నవ్వుతూ వచ్చింది. "కూర్చోండన్నా. దానికి లేజరెందుకు, మార్కరు పెన్నుతో గీసిస్తా."

"మార్కరొద్దమ్మా" అన్నాడాయన కంగారుగా. "పేరయ్యది లోపలిదంట కదా, నాకూ లోపలే కావాలి. కాకపోతే మా వల తాడు పొడుగు, కాస్త ఎడమకి జరిపి పెట్టండి."