కూలర్ టైమింగ్

"దాన్ని ముట్టకే, టైమింగ్ ఆగమైతది."

పొద్దున ఏడింటికి టిఫిన్ డబ్బా అందుకుంటూ మా ఆయన చిరంజీవి రోజూ ఈ మాటే చెప్పి పోతాడు. ఆయన మెట్లు దిగేలోపే గోడ ప్లగ్గుకున్న తెల్ల డబ్బీ టక్కుమంటుంది, కూలర్ ఆగిపోతుంది. మళ్లీ సాయంత్రం ఆరున్నరకు దానంతట అదే తిరుగుతుంది. మగ్గాల కార్ఖానా నుంచి ఏడింటికి ఆయన వచ్చేసరికి గది చల్లబడాలి కదా! ఈ స్మార్ట్ ప్లగ్గు సంగతంతా ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ఆ తెలివిని నేను కాదనను.

పొద్దుటి టక్కుకీ సాయంత్రం టక్కుకీ మధ్య ఆ గదిలో ఉండేది నేను. ఊరొదిలి వచ్చిన ఈ మగ్గాల పట్నంలో, లింబాయత్ బస్తీలో మాది ఒకటే గది. నేల మీద చీర పరుచుకుని గమ్ముతో మెరుపు స్టోన్లు అంటిస్తాను, చీరకింతని కూలి. తలుపు తీస్తే గల్లీలోని మగ్గాల నూగు ఎగిరొచ్చి తడి గమ్ము మీద వాలుతుంది, ఇక ఆ చీరను పనిచ్చే సేఠ్ తీసుకోడు. అందుకని తలుపు మూసుకుని, గమ్ము ఘాటు వాసనే పీలుస్తూ, మే నెల ఎండకు ఉడుకుతూ కూర్చుంటాను. మా అత్త వెంకటవ్వ ఊరి నుంచి ఫోన్ చేసిందంటే ఒకటే మాట. "బిడ్డా, నా కొడుకు కష్టం చేసి అస్తడు, ఇల్లు జర సల్లగ ఉండేటట్టు చూడు." నా ఒంట్లో ఎలా ఉందని ఆమె ఎన్నడూ అడగలేదు. ఇంట్లో కూర్చుని చేసేది కూడా కష్టమేనా అంటుందని నేనూ చెప్పలేదు.

ఇవన్నీ పడ్డాను. పోయిన ఆదివారం విన్న మాట మాత్రం మింగుడు పడలేదు. దోస్తు సదానందం వస్తే ఆయన ఫోన్ చూపిస్తూ, "పగలంత ఇంట్ల ఎవలుండరు గద, కూలర్ ఉత్తగ ఎందుకు తిరగాలె? అందుకే టైమర్ పెట్టిన" అన్నాడు. నేను వాళ్ల ముందే చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. సదానందం ఒకసారి నా వైపు చూసి, గ్లాసు అందుకుని, "మస్తుందిరా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా చక్కెర సరిపోయిందా అనే అడిగాను.

ఈరోజు మధ్యాహ్నం కళ్లు తిరిగాయి. గమ్ము ట్యూబు చేతిలోంచి జారి చీర అంచు మీద ఇంత మరక పడింది. ఫోన్ చేశాను.

"ఇగో, జర కూలర్ చాలూ చెయ్యవా? తల తిరుగుతాంది."

"పనిల ఉన్ననే. ఇంట్ల ఉత్తగ కూసున్నవు గద, తలుపు తీసి పెట్టుకో."

పెట్టేశాడు. పోయిన నెల తోటివాళ్లకు గొప్ప చూపించడానికి కార్ఖానాలో నిలబడే ఫోన్లోంచి రెండుసార్లు కూలర్ వేసి ఆపాడు. అప్పుడు పని అడ్డం రాలేదు.

కాసేపు ఏడ్చాను. తర్వాత కూలర్ వెనక్కి పాకి, దాని పిన్నును తెల్ల డబ్బీలోంచి పీకి, పక్కనున్న మామూలు ప్లగ్గులో పెట్టాను. ఏదో పేలిపోతుందేమోనని మొహం పక్కకు తిప్పుకుని స్విచ్ వేశాను. ఏమీ పేలలేదు. చల్లటి గాలి మొహానికి కొట్టింది. ఇంత చిన్న పనికి రెండు నెలలు ఉడికానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

మరక పడిన చీర పక్కన పెట్టి ఇంకోటి పరిచాను. ఆరున్నరకల్లా దాని పని అయిపోయింది. ఖాళీ డబ్బీ తన టైముకు తాను టక్కుమంది. నేను లేచి కూలర్ ఆపేసి, పొయ్యి వెలిగించాను.

ఏడింటికి వచ్చినాయన గడపలోనే ఆగిపోయాడు.

"ఏందే ఈ ఉడుకపోత? ఫోన్ల చాలూ అని సూపెడ్తాంది గద!"

"ఇయ్యాల్టి సంది పగలు తిరుగుతది, నా పని అయినంక బంద్ ఉంటది," అన్నాను పళ్లెం ముందు పెడుతూ. "ఇప్పుడు ఉత్తగ కూసునేటోనివే గద, తలుపు తీసి పెట్టుకో."