మూలది

స్టవ్ మీద పెద్ద గిన్నెలో గిటార్ తీగలు ఉడుకుతున్నాయి. వేళాకోళం కాదు, నిజంగానే ఉడుకుతున్నాయి. లోతుగా పలికే బాస్ గిటార్ తీగలు పురికొసంత లావుంటాయి. వాడగా వాడగా చెమటా మురికీ పట్టి వాటి గొంతు పూడుకుపోతుంది. మరిగే నీళ్లలో పది నిమిషాలుంచి, తువ్వాలుతో అద్ది ఆరబెడితే మళ్లీ కొన్నాళ్లు బాగా పలుకుతాయి. ఈ కిటుకు మా ఆయన ఎక్కడో విని వచ్చి, పెళ్లయిన కొత్తలో నాకు చెప్పాడు. చెప్పడం వరకే ఆయన పని. గిన్నె, స్టవ్, నీళ్లు అనగానే అది వంటింటి వ్యవహారమైపోయి నా వంతుకొచ్చింది. పద్దెనిమిదేళ్లుగా ఉడికిస్తున్నాను. ఉప్పు సరిపోయిందా అని మాత్రం ఎవరూ అడగలేదు, అదొక సుఖం.

ఆ శుక్రవారం ఉడికించడానికి కారణముంది. మర్నాడు ఒక సంగీత పత్రిక నుంచి విలేకరి వస్తోంది. మా ఆయన దగ్గరున్న బాస్ గిటార్ల మీదా, వాటి సరంజామా మీదా నాలుగు పేజీలు వేస్తారట. పదకొండు గిటార్లు, నాలుగు యాంప్లిఫైయర్లు, నిలబెడితే నా భుజం దాకా వచ్చే రెండు స్పీకర్ పెట్టెలు, లెక్కకందని వైర్లు. ఇవన్నీ ఉన్న గదిని ఆయన స్టూడియో అంటాడు. మా ఇంట్లో మధ్యాహ్నపు వెలుగు తిన్నగా వచ్చి పడే గది అదొక్కటే. పెళ్లయి వచ్చిన రోజు నా కుర్చీ ఆ కిటికీ పక్కన వేసుకోవచ్చనుకున్నాను. "అక్కడ యాంప్ పెడతానే, నీకెక్కడైనా ఒకటేగా" అన్నాడు. నాకెక్కడైనా ఒకటే అని ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ గదికి చాలా నియమాలున్నాయి. చెక్కకి ఒక గుడ్డ, మెడకి, అంటే తీగల కింది పొడుగు కర్రకి, ఒక గుడ్డ. వైరు మోచేతికి చుట్టకూడదు, వదులుగా వలయాలు వెయ్యాలి. తీగలు మార్చేటప్పుడు ఒకటి విప్పి, దాని చోట ముందే ఉడికించిన ఇంకొకటి ఎక్కించాకే రెండోది విప్పాలి, అన్నీ ఒక్కసారి విప్పితే మెడ వంగుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, వాయించని గిటార్ తీగల్ని సగం చుట్టు వదులు చేసి పెట్టాలి. ఈ ఆఖరిది మా ఆయన సొంత సిద్ధాంతం. మిగతా వాద్యగాళ్లు నవ్వుతారు, ఈయన వినడు. వాయించి లేచాక వదులు చేసేది నేను. మళ్లీ వాయించే ముందు బిగించుకునేది ఆయన. ఎవరైనా ఇంటికొస్తే, "మా ఆవిడకి సంగీతం ఒంటికి పట్టదు గానీ, దుమ్ము మాత్రం భలే దులుపుతుంది" అంటాడు. వచ్చినవాళ్లు నవ్వుతారు. టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వుతాను. ఆ నవ్వుని ఎన్నేళ్లు సాధన చేశానో ఏ పత్రికా రాయదు.

సంగీతం ఒంటికి పట్టదట. నా ఉద్యోగమే చెవులతో. ఒక క్లినిక్‌లో వినికిడి పరీక్షలు చేస్తాను. వచ్చినవాళ్లని చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కో శబ్దమే పంపుతుంటాను. "వినపడగానే వేలెత్తండి, ఎంత చిన్నగా వినపడినా సరే" అని చెబుతాను. పొద్దుటి నుంచి ఒంటిగంట దాకా అదే పని. రిపోర్టంతా నేనే తయారు చేస్తాను, కింద డాక్టరుగారు సంతకం పెడతారు. పేషెంట్లు ఆయనకి దణ్ణం పెట్టి వెళ్లిపోతారు. పోనీలే. ఆ గాజు గది బయట కూర్చుని, కళ్లు మూసుకున్న మనుషుల మొహాల్లోకి శబ్దం చేరే క్షణాన్ని చూడటం నాకిష్టం. పెదవి కొద్దిగా వదులవుతుంది, తరవాత వేలు లేస్తుంది. అందుకు నాకు డబ్బులు కూడా ఇస్తారు.

పోయినేడు మా అత్తయ్యని కూడా అక్కడ కూర్చోబెట్టాను. సన్నటి శబ్దాలకి ఆవిడ వేలు లేవనే లేదు. కాలింగ్ బెల్, కుక్కర్ కూత, ఫోన్ మోత, అన్నీ పోయాయి. లోతైన శబ్దాలు వచ్చేసరికి మాత్రం వేలు టక్కున లేచింది. "చూశావా, నా చెవులకేం, బంగారంలా ఉన్నాయి" అంది. సరే అన్నాను.

ఇక మూలది. పదకొండింటిలో అది ఆఖరిది. గోధుమరంగు చెక్క, మూల స్టాండు మీద ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరం మూలది అనే అంటాం. మిగతా వాటి మెడ మీద లోహపు మెట్లుంటాయి, వాటి మధ్య ఎక్కడ నొక్కినా స్వరం సరిగ్గా వస్తుంది. దీనికి మెట్లు లేవు, మెడ నున్నగా ఉంటుంది. వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి, వెంట్రుకవాసి పక్కకి జరిగినా అపస్వరమే. మా ఆయన కొత్తలో నెలరోజులు కుస్తీ పట్టి, "దరిద్రపుది, చేతికి లొంగదు" అని మూలకి నెట్టేశాడు.

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం దాన్ని తుడుస్తుంటే బొటనవేలు తీగకి తగిలింది. శబ్దం కంటే ముందు దాని అదురు అరచేతిలోకి వచ్చింది. ఆయన ఇంట్లో లేడు. మధ్యాహ్నాలు ఎప్పుడూ ఉండడు, సంగీత పాఠశాలలో క్లాసులు, అటునుంచటే కచేరీలు. నేను రెండింటికి ఇంటికొస్తాను. అత్తయ్య భోంచేసి పక్కగదిలో నడుం వాలుస్తుంది. ఆ రోజు చిన్న యాంప్‌కి వైరు గుచ్చి, శబ్దం బాగా తగ్గించి, నేలమీద కూర్చుని, స్వరం ఎక్కడుందో వెతికాను. దొరికింది. మర్నాడు ఇంకొకటి దొరికింది. పాటలేం కావు, నాకు పాటలు రావు. ఒక స్వరం పట్టుకుని అది పూర్తిగా ఆరిపోయేదాకా దాని వెంట వెళ్తాను. ఎండ కిటికీలోంచి దిగి, నేలమీద పాకి, నా పాదం మీదికొచ్చి, మోకాలిదాకా ఎక్కుతుంది. ఆ గంటసేపూ నేను ఎవరి భార్యనీ కాను, ఎవరి కోడల్నీ కాను. నీళ్లలో వెల్లకిలా తేలుతున్నట్టుంటుంది. ఎండ మోకాలు దాటగానే లేచి, తీగలు సగం చుట్టు వదులు చేసి, బియ్యం కడగడానికి వెళ్తాను. ఆరేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు. దాచాలని కాదు, చెబితే దాని మీద కూడా ఆయన ఒక జోకు వేస్తాడని భయం.

ఆ బుధవారం రాత్రి అన్నం తింటూ, "ఆదివారం కీబోర్డ్ వాడొస్తున్నాడు, మూలది పట్టుకుపోతాడు. దానికి బదులు వాడి దగ్గరున్న స్పీకర్ పెట్టె ఇస్తాడు" అన్నాడు. కీబోర్డ్ వాడంటే ఆయన బృందంలో స్నేహితుడు.

"దాన్నెందుకండీ ఇవ్వడం?" అన్నాను.

"ఎవరు వాయిస్తున్నారే దాన్ని? నీకూ ఒకటి తుడిచే బాధ తప్పుతుంది" అని మజ్జిగ పోసుకున్నాడు.

నీళ్లు తాగాను. నాదని చెప్పడానికి నోరు రాలేదు. ఏ హక్కుతో నాది? నేను కొనలేదు, నాకెవరూ ఇవ్వలేదు. ఆరేళ్ల మధ్యాహ్నాలు చూపించి ఇది నాది అంటే నవ్వరూ? మర్నాడంతా క్లినిక్‌లో నేనే పరధ్యానంగా ఉన్నాను. ఒక పెద్దాయన మూడుసార్లు వేలెత్తినా చూసుకోలేదు.

శుక్ర, శనివారాలు క్లినిక్‌కి సెలవు పెట్టాను. శుక్రవారం పది గిటార్లకి తీగలు ఉడికించి, తుడిచి, ఎక్కించి, వదులు చేసి పెట్టేసరికి మూడు దాటింది. చివరిసారి అనుకుంటూ మూలదాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. శ్రుతి చేసుకుని వాయిస్తుంటే ఏడుపొచ్చింది. చెక్క మీద పడిన చుక్కల్ని చెక్కకి వాడే గుడ్డతోనే తుడిచాను, పద్దెనిమిదేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది. అంతలో వీధి తలుపు చప్పుడైంది. కొత్త స్టాండ్లు పట్టుకుని ఆయన తొందరగా వచ్చేశాడు. గబగబా గిటార్‌ని మూల పెట్టి, యాంప్ ఆపి, వంటింట్లోకి పరిగెత్తాను. తీగలు వదులు చెయ్యడం మరిచిపోయాను.

శనివారం పొద్దున విలేకరి వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మెడలో కెమెరా. ఆయన ఒక్కో గిటార్ తీయడం, తీగలు బిగించుకోవడం, నాలుగు ముక్కలు వాయించడం, దాని చరిత్ర చెప్పడం. నేను గుమ్మంలో ట్రేతో నిలబడ్డాను. "ఇంత మెరుస్తున్నాయి, ఎలా చూసుకుంటారు సార్?" అని అడిగింది ఆ అమ్మాయి. "నా పిల్లల్లా చూసుకుంటానండీ. తీగలు కూడా ఉడికించి ఎక్కిస్తాను" అన్నాడు. ఉడికిస్తాడట. మా ఇంట్లో ఆ గిన్నె ఎక్కడుంటుందో చెప్పమంటే సాయంత్రం దాకా వెతుకుతాడు.

చివరికి మూల దగ్గరికొచ్చారు. "ఇది లెక్కలోది కాదులెండి, పదేళ్లయింది ముట్టుకుని. రేపు పంపించేస్తున్నాను" అన్నాడు. ఆ అమ్మాయి ముచ్చటపడి వైరు గుచ్చి, నాలుగు తీగలూ ఒక్కొక్కటే మీటింది.

"శ్రుతిలోనే ఉంది సార్" అంది. "మిగతావన్నీ బిగించుకున్నారు కదా. ఇదొక్కటే సరిగ్గా ఉంది."

మా ఆయన మొహం ఒక్క క్షణం ఖాళీ అయింది. "మంచి చెక్కండీ. పాత చెక్క అలాగే నిలబడుతుంది" అన్నాడు.

ఆ శబ్దానికి పక్కగదిలోంచి అత్తయ్య గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. వచ్చి, కొడుకు పక్కన కుర్చీలో కూలబడింది. "ఇదేగా రా నువ్వు రోజూ మధ్యాహ్నం వాయించేది?" అంది. "మంచం కోళ్లలోంచి వస్తుంది నాకు. ఇది వింటే గానీ నిద్ర పట్టదు. మిగతావన్నీ ఒట్టి గోల."

నా చేతిలో ట్రే బరువెక్కింది. మధ్యాహ్నాలు తను ఇంట్లో ఉండడని ఆయనకి తెలుసు. ఆయన నావైపు చూశాడు. అర్థమైంది, ఆ చూపులో నాకు స్పష్టంగా కనిపించింది. అడుగుతాడనుకున్నాను. కనీసం ఆశ్చర్యపోతాడనుకున్నాను. విలేకరి వైపు తిరిగి, తల్లికి వినపడేలా గొంతు పెంచి, "అవునమ్మా, అప్పుడప్పుడు సరదాకి" అన్నాడు.

గిన్నె తీసుకో, తీగలు తీసుకో, కిటికీ తీసుకో. నేనేడ్చిన గంట కూడా నీదేనా?

ఆ అమ్మాయి నోట్‌బుక్ తీసింది. "అయితే సార్, మొత్తం పదకొండు అని రాసుకోనా?"

"పది" అన్నాను నేను.

ముగ్గురూ ఇటు తిరిగారు. ట్రే స్పీకర్ పెట్టె మీద పెట్టాను. దాని మీద ఏదీ పెట్టకూడదన్నది కూడా ఆ గది నియమాల్లో ఒకటి. "ఆయనవి పది. ఇది నాది. ఆరేళ్లుగా మధ్యాహ్నాలు వాయిస్తున్నది నేను. రేపు కీబోర్డ్ ఆయనకి ఆ పదిలో ఏదైనా ఇచ్చుకోమనండి" అన్నాను.

"ఏంటే ఇది, నలుగురి ముందూ..." అన్నాడు ఆయన, చాలా చిన్నగా.

ఆ అమ్మాయి తనంతట తనే లేచి గిటార్ నా చేతికిచ్చింది. కిటికీ దగ్గర యాంప్‌ని కాలితో పక్కకి జరిపి, ఆ చోట నేలమీద కూర్చున్నాను. పొద్దుటి పూట కదా, అక్కడికింకా ఎండ రాలేదు. అందరికంటే లావుపాటి తీగ మీద బొటనవేలు ఆనించి, రోజూ మొదలుపెట్టే స్వరమే మీటాను.

అత్తయ్య కళ్లు మూసుకుంది. పెదవి కొద్దిగా వదులైంది. తరవాత మెల్లగా వేలెత్తింది.