డ్రిల్లు మాస్టారి పథ్యం

అమృతకలశం చేతబట్టి పాలకడలి నుండి వెలువడిన ఆదివైద్యునికి మ్రొక్కి, ఆ అమృతానికి ముందు పుట్టిన విషాన్ని మింగక, కక్కక, కంఠాననే నిలుపుకొన్న దేవరకు మరింత వంగి మ్రొక్కి, అంతటి గొంతు లేని ఒక మామూలు మనిషి కథ చెబుతున్నాను.

ఇంకా వెలుతురు రాలేదు. ఆయన పెరటి గట్టు మీద కూర్చుని, వేడినీళ్ళ బకెట్టులో మణికట్లు మునిగేలా చేతులుంచి, వేళ్ళు విచ్చుకోవడం కోసం ఎదురుచూస్తున్నాడు. నీళ్ళలో అవి మనిషి వేళ్ళలా లేవు. కణుపులు ఉబ్బి, వాటి మీద చర్మం నిగనిగలాడుతూ, నాలుగూ చిటికెనవేలి వైపుకు ఒరిగి, కొట్టులో ఎవరూ ఏరుకోక మిగిలిపోయిన అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. నొప్పి సంగతి వేరు. నొప్పికి ఎంతటివాడైనా కొన్నాళ్ళకు అలవాటు పడతాడు. ఆయన బాధంతా వాటిని చూసినప్పుడు కలిగే రోతతోనే.

వీధులకు నీళ్ళు వదలడం ఆయన ఉద్యోగం. అందుకే అందరికీ నీళ్ళాయన. తెల్లవారకముందే వీధి మలుపుల్లో గుంతల మీది ఇనుప మూతలు తొలగించి, పొడవాటి కడ్డీని లోపలి వాల్వుకు తగిలించి, బలమంతా పెట్టి తిప్పాలి. వేళ్ళు పొద్దెక్కితే గాని కదలవు. నీళ్ళు పొద్దెక్కాక వదిలితే ఊరు ఊరుకోదు. ఆ జబ్బుకూ ఈ ఉద్యోగానికీ మొదటి నుంచీ జాతకాలు కుదరలేదు.

కీళ్ళవాతమని ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. ఒంటిని కాయవలసిన శక్తే కీళ్ళను శత్రువులనుకుని కొరుకుతుందట. కంచే చేను మేయడమన్నమాట, అనుకున్నాడాయన. వారానికొకసారి మింగమని పసుపురంగు మాత్ర రాసిచ్చింది. దానితో చేతులు నెమ్మదించిన మాట నిజమే. కాని అది కడుపులో పడిన నాటి నుంచి మర్నాటి సాయంత్రం దాకా లోపల ఎవరో చేత్తో దేవినట్లుండేది. అన్నం వాసన, సబ్బు వాసన, తన చెమట వాసన, అన్నీ వెగటే. కొన్నాళ్ళకు మాత్ర రోజు వస్తోందంటే ముందుగానే నోట నీళ్ళూరేవి. చివరికి పండిన అరటిపండు తొక్కను చూసినా వాంతి వచ్చేది.

ఇవాళ మాత్ర రోజు.

"ఏమండీ, నోరు తెరవండి," అంది ఇల్లాలు, గ్లాసు పట్టుకుని. ఆయన వేళ్ళకు అంత చిన్న మాత్ర చిక్కదు గనుక ఆమే నాలుక మీద పెడుతుంది. ఆయన నీళ్ళు గుటక వేశాడు. మాత్రను మాత్రం దవడకు నొక్కిపెట్టాడు. ఆమె వంటింట్లోకి మళ్ళగానే అరచేతిలోకి ఉమ్మి, చొక్కా జేబులో జారవిడిచాడు. రెండు నెలలుగా ఇదే వరస. చేదు నాలుక మీద అప్పటికే పాకింది.

ఈ విద్య ఆయనకు సొంతంగా అబ్బలేదు. దానికొక గురువున్నాడు.

ఆసుపత్రిలో కీళ్ళజబ్బుల గది ముందు బల్లలనిండా ఆడవాళ్ళే ఉండేవారు. మగవాళ్ళు ఇద్దరే. రెండవవాడు బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన మాస్టారు. డెబ్బయ్యేళ్ళు దాటినా నిట్టనిలువుగా కూర్చునేవాడు.

"పేరంటానికొచ్చి దొరికిపోయిన దొంగల్లా ఉన్నామోయ్ మనిద్దరం," అన్నాడు మొదటిరోజునే. ఇంకోసారి, నీళ్ళాయన మాత్ర బాధ చెప్పుకోగా, గట్టిగా నవ్వాడు. "మాత్రలా? నేను మానేసి ఏడాదైంది. ఇదిగో చూడు." కుడిచేయి చాచి, పిడికిలి బిగించి, మళ్ళీ విప్పాడు. "అంతా పథ్యం. నోరు కట్టుకుంటే రోగం కాళ్ళబేరానికి వస్తుంది. నీకు నాలుక మీద అదుపు లేదు, అందుకే వేళ్ళ మీద అదుపు పోయింది."

"మరి ఆసుపత్రికెందుకు వస్తున్నారు మాస్టారూ?"

"నా రక్తం చూపించి వీళ్ళకి బుద్ధి చెప్దామని."

ఆ పిడికిలిని నీళ్ళాయన మరచిపోలేకపోయాడు. ఉప్పు మానాడు. పులుపు, నూనె, పాలు, గోధుమ, వంకాయ, టమాటా, దుంపలు మానాడు. మాస్టారి నోటికి వచ్చినదల్లా కంచం నుండి పోయింది. ఉడికించిన సొరకాయ ముక్కలు మిగిలాయి. అవి నోట్లో నమలకముందే జారిపోతుంటే ఎవరో చీదిన చీమిడిని మింగుతున్నట్లుండేది. అయినా కళ్ళు మూసుకుని మింగేవాడు. మాత్రను మింగలేని గొంతు దీనికెలా ఒప్పుకుందంటే, ఇందులో మగతనముందని ఆయన నమ్మాడు గనుక.

మొదటి వారాలు మాత్ర వెగటు లేక హాయిగానే గడిచాయి. ఆ తరువాత కణుపులు ఒక్కటొక్కటిగా మేల్కొన్నాయి. మాస్టారిని చూడడానికి సిగ్గేసి, ఆయన ఆసుపత్రి వైపే వెళ్ళడం మానేశాడు.

ఈ ఉదయం మొదటి మలుపులోనే సంగతి తేలిపోయింది. మూతను కాలితో తోశాడు. గుంతలో ఊరిన నీటి మీద చచ్చిన ఎలుక ఒకటి పొట్ట ఉబ్బి వెల్లకిల తేలుతోంది. కడ్డీ వాల్వుకు తగిలింది కాని చేతులు కడ్డీకి చుట్టుకోలేదు. మోచేతి మడతలో ఇరికించి తిప్పబోయాడు. కదలలేదు. నేల మీద బోర్లా పడుకుని, రొమ్ముతో కడ్డీని నెట్టాడు. గుంత కంపు నేరుగా ముక్కుపుటాల్లోకి ఎక్కింది.

వీధిలో బిందెలు బారులు తీరాయి. ముందు నిలబడ్డ ఇస్త్రీబండి ఆమెకు నోటి దూకుడు ఎక్కువ.

"ఏంటన్నయ్యా, వాల్వు తిప్పుతున్నావా, దానికి రహస్యం చెబుతున్నావా?"

"బిగుసుకుపోయిందమ్మా."

"జరుగు, నేను చూస్తా. నా పెట్టె కంటే బరువా ఇది." ఆమె బిందె దించి, చీర కొంగు దోపుకుని, కడ్డీ అందుకుని తిప్పింది. వాల్వు బిగుసుకోలేదు. నెయ్యి రాసినట్లు తిరిగింది. నీళ్ళు గొట్టంలో గుర్రుమన్నాయి. వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కూడా నవ్వుతూనే ఇటు తిరిగి, లేవడానికి ఆయన నేలకు ఆనించిన చేతులను చూసింది.

నవ్వు ఆగిపోయింది. ఆమె ముఖంలో జాలి కనిపిస్తుందని ఆయన భయపడ్డాడు. కనిపించినది జాలి కాదు. తెగిన బల్లితోక కొట్టుకుంటుంటే చూసినప్పటి జుగుప్స. ఆమె చప్పున చూపు తిప్పుకుంది.

"నేనెవరికీ చెప్పనులే," అంది బిందెతో మాట్లాడుతున్నట్లు. "కానీ రేపెవరు తిప్పుతారు?"

మిగిలిన మలుపుల్లో కూడా ఆమే వచ్చి తిప్పింది. ఆయన పక్కన నడిచాడు.

రేపెవరు తిప్పుతారు? ఆ ప్రశ్నతోనే ఆయన ఇంటికి కాక మాస్టారి ఇంటివైపు నడిచాడు. పథ్యంలో తానెక్కడో తప్పి ఉంటాడు. ఏ మెతుకుతోనో, ఏ వాసనతోనో వ్రతం చెడింది. సిగ్గు విడిచి అడిగితే మాస్టారు తిట్టి దిద్దుతాడు. రేపటికి కాకున్నా ఎల్లుండికైనా వేళ్ళు విచ్చుకుంటాయి.

తలుపు తీసినది మాస్టారి కోడలు. ఆసుపత్రికి ఒకటి రెండుసార్లు ఆయన వెంట వచ్చిన మనిషే.

"మీకు తెలియదా బాబాయిగారూ? మావయ్యగారు పోయి నెల కావస్తోంది. నిద్రలోనే. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. మంచివాడన్నాడు, గట్టి మనిషన్నాడు. ఆమె ఔనని తలూపి, గది సర్దుతున్నానంటూ లోపలికి వెళ్ళి, ఒక రేకు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మీదీ ఆ జబ్బేగా. ఇవి మిగిలిపోయాయి. పారెయ్యబుద్ధి కాలేదు."

డబ్బా నిండా పసుపురంగు మాత్రల అట్టలు. ఆయన నోట నీళ్ళూరాయి.

"ఎవరివమ్మా ఇవి?"

"మావయ్యగారివే. వారం వారం నేనే ఇచ్చేదాన్ని. తలుపేసుకుని మింగేవారు. కక్కుకుంటే నేనే కడిగేదాన్ని. ఎవరికీ చెప్పకమ్మా, ముప్పై బ్యాచీల పిల్లల్ని నిటారుగా నిలబెట్టినవాణ్ణి, మాత్రకి వంగానంటే పరువు పోతుంది అనేవారు."

"మరి పథ్యం?"

"పథ్యమా? వేపుడు లేకపోతే ముద్ద దిగేది కాదు బాబాయిగారూ." ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

చచ్చినవాడి కళ్ళు చేరడేసి అంటారు. ఆ కళ్ళను ఆ క్షణాన ఆయన పొడిచేయగలిగేవాడు. ఉప్పులేని సొరకాయ ముక్కలన్నీ గొంతులోకి తిరిగి వచ్చాయి. తిట్టడానికి మనిషి లేడు. గోడ మీద పటం ఉంది. అందులో మాస్టారు రొమ్ము విరుచుకుని, ఎవరో ఒకరిని తప్పుపట్టబోతున్నట్లున్నాడు. ఎంత అసహ్యపు మనిషి, అనుకున్నాడు. మింగి, మింగలేదని చెప్పిన మనిషి.

ఆ మాట అక్కడ ఆగలేదు. తిరిగి తన మీదికే వచ్చింది. తాను మింగకుండా మింగానన్నాడు. రెండు నెలలుగా తన నాలుక మీద చేయి పెట్టి మాత్ర వేసే ఆడదాని ఎదుట గుటకలు నటించాడు. ఇద్దరు మగవాళ్ళు, రెండు నోళ్ళు, ఒకే కుళ్ళు. ఎక్కువ రోత ఎవరిమీద పుట్టాలో ఆయనకు తెలియలేదు.

"మంచినీళ్ళిస్తావా తల్లీ?"

ఆమె తెచ్చింది. ఆయన రెండు మణికట్ల మధ్య జేబు నొక్కి, ఎలాగో మాత్రను ఒళ్ళోకి దొర్లించాడు. ఉదయపు ఎంగిలికి సగం కరిగి, జేబులోని నూగు, దుమ్ము, ఒక తెల్ల వెంట్రుక అంటుకుని, కోడిపిల్ల రెట్టలా ఉందది. ఆమె చూసింది. అట్టలోంచి కొత్తది తీయబోతే ఆయన వద్దన్నాడు. వంగి, ఒళ్ళోంచి పెదవులతోనే అందుకున్నాడు.

కడుపు ఒక్కసారిగా పైకి లేచింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆమె అలవాటుగా ఒక గిన్నె తెచ్చి గడ్డం కింద పట్టి, రెండవ చేత్తో వీపు రాసింది. "మామూలే బాబాయిగారూ. ఇది గడిచిపోతుంది. గిన్నె నేను పట్టుకుంటా." గిన్నెలోకి ఎంగిలి తీగ మాత్రమే సాగింది. ఆయన మింగాడు. మళ్ళీ వచ్చినదాన్ని మళ్ళీ మింగాడు.

ఊపిరి కుదుటపడ్డాక, "రేపు నీళ్ళు వదలలేనని ఆఫీసులో నేనే చెప్పేస్తానమ్మా," అన్నాడు. "చెప్పి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తాను. ఆవిడ తిట్టే తిట్లు తిడుతుంది. పాడైనంత పాడైంది, మిగిలింది మిగులుతుంది." మణికట్టుతో మూతి తుడుచుకుని, "మా ఆవిడకి చెప్పడమే కష్టం," అన్నాడు.

"ఈ డబ్బా?"

"ఆసుపత్రిలో ఇచ్చెయ్యమ్మా. నావి ఇంట్లో ఉన్నాయి."

గడప దాటి, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకోవడానికి ఆయన తల వంచాడు. పక్కనే మాస్టారి తెల్ల కాన్వాసు బూట్లు, సుద్ద పూసినవి పూసినట్లుగా, మడమలు కలిపి నిలబడి ఉన్నాయి. వాటి తాళ్ళు చక్కని ముడులతో, రెండు వైపులా సరిసమానమైన చెవులతో ఉన్నాయి. ఆ ముడులను ఏనాడూ విప్పనక్కరలేకుండా, కట్టనక్కరలేకుండా, ఎవరో తెల్లదారంతో కుట్టేసి ఉంచారు.

ఈ కథ విన్నవారి వేళ్ళు ప్రతి వేకువా నొప్పి లేక విచ్చుకొనుగాక. చేదు మింగవలసివచ్చిన నాడు పక్కన గిన్నె పట్టుకునే చేయి ఒకటి ఉండుగాక. వారి నాలుకకు నిజం ఎన్నడూ వెగటు కాకుండుగాక.