వేడెక్కని ఎరువు కుప్ప

మా అత్తయ్య ఎంగిలి చేత్తో కాకిని తోలదు. పాడి మీద బతికే ఇంటికి ఆ గుణం ఉండాల్సిందే, కాదనను. నా విషయానికొచ్చేసరికి మాత్రం ఆవిడ చేతికి ఎముక ఉండదు.

పాల క్యాను అంచు తగిలి నా పిక్క తెగింది. ఆ పాటి గాయం నన్ను ఆస్పత్రి మంచానికి కట్టేసింది. ఒక మందు పనిచేయలేదు, ఇంకోటీ పనిచేయలేదు. క్రిములు మందులకు అలవాటుపడ్డాయన్నారు. చివరికి ఒకటి పట్టి బతికి బయటపడ్డాను. మళ్లీ వస్తే అది కూడా పట్టకపోవచ్చని చెప్పి మరీ ఇంటికి పంపారు.

నాకు పచ్చి క్యారెట్ అంటే ప్రాణం. అందుకని నేనొచ్చేసరికి అత్తయ్య పాక వెనక మడి తవ్వి ఉంచింది. దాని కోసం ఎరువు కుప్ప కూడా విడిగా వేసింది.

"రేపు ఎరువేసి విత్తనాలు చల్లుతా. నీ మణికట్టంత క్యారెట్లు రాకపోతే నన్నడుగు" అంది.

ఆ సాయంత్రం పొదుగువాపు వచ్చిన ఆవులకు మళ్లీ సూది వేయడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. వెళ్తూ వెళ్తూ కుప్పలోకి చెయ్యి దూర్చి చూసింది.

"ఇదేంటి పెద్దమ్మా, ఇంత చల్లగా ఉంది? ఈపాటికి ఆవిర్లు రావాలే!"

"అదే నాకూ అంతుపట్టడం లేదమ్మా. రోజూ పాలు కూడా పోస్తున్నా."

"పాలా?"

"సూది వేసిన ఆవుల పాలు అమ్మొద్దన్నావుగా. అమ్మలేదు. పారబోయడానికి చేతులు రాక కుప్పలో పోశా. బలం కదా!"

నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మకు రాలేదు.

"ఆ పాలల్లో మందుంటుంది. ఆ ఆవుల పేడలోనూ ఉంటుంది. కుప్పని కుళ్లబెట్టి వేడి పుట్టించే క్రిములు ఆ మందుకీ, ఆ తడికీ దెబ్బతింటాయి. మందుకి చావనివి మిగిలి పెరుగుతాయి. కుప్ప బాగా వేడెక్కితే చాలావరకు పోతాయి, మొత్తం పోతాయని నేనూ చెప్పలేను. పచ్చిగా తినేవాటికి మాత్రం ఇది వెయ్యొద్దు."

అత్తయ్య నా కాలికున్న కట్టు వైపు చూసింది. "అయితే నా చేత్తో నేనే దీనికి..." అని గట్టు మీద కూర్చుని ఏడ్చేసింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా క్యారెట్ల జోలికొస్తే ఎవరినీ వదలను. ఆ రోజు మాత్రం డాక్టరమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టాను.

"ఇంకా మడిలో పడలేదుగా అత్తయ్యా, ఏమీ కాలేదు" అన్నాను. ఆవిడ ఏడుపు ఆగలేదు.

మర్నాటి నుంచి మందు వేసిన ఆవుల పాలూ పేడా వేరే గోతిలోకి పోయాయి. కుప్పకు ఎండు గడ్డి కలిపి, పై పేడ లోపలికి పోయేలా తిరగేస్తూ వచ్చాం. కొన్నాళ్లకు ఆవిర్లు లేచాయి. అయినా ఆ ఎరువు గులాబీలకే వేసింది అత్తయ్య. నా విత్తనాలు మాత్రం వట్టి మట్టిలోనే చల్లింది.

క్యారెట్లు చిటికెన వేలంత కూడా ఊరలేదు. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏంటి పిన్నిగారూ, ఈసారి ఎలక తోకలు పండించారా?" అంది.

తన కాపుని ఒక్క మాటంటే పది మాటలు అప్పజెప్పే మనిషి మా అత్తయ్య. "మా కోడలికి ఇవే ఇష్టం" అని ఊరుకుంది.

వాటిని నీళ్లు మార్చి మార్చి కడిగి నా చేతిలో పెట్టింది. మా అమ్మ నన్ను కన్నది, నిజమే. ఆ పూట ఈవిడకూ అంతే రుణపడ్డాననిపించింది. నేను కొరికిన చప్పుడు వినేదాకా ఆవిడ నా ముందు నుంచి కదల్లేదు.