ఏడో సరే

కాలరు అయ్యింది, భుజాలు అయ్యాయి, ఎడమ చెయ్యి సగంలో ఉండగా కౌంటరు అమ్మాయి వచ్చి బల్ల పక్కన నిలబడింది. సరే బాబాయి ఇస్త్రీపెట్టె ఆపలేదు. మడత గీత పడేదాకా నడిపించి, పెట్టెను నిలబెట్టి, అప్పుడు తలెత్తాడు. సన్నగా, కొంచెం ముందుకు వంగిన మనిషి. ఎన్నో ఏళ్ళ ఆవిరికి ముఖం ఎప్పుడు చూసినా అప్పుడే కడుక్కున్నట్టు ఉండేది. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారిపోయింది.

"బాబాయ్, ఫోను చూశావా? ఆరుగురం నొక్కేశాం. నువ్వొక్కడివే మిగిలావ్."

"చూశానమ్మా."

"మరి?"

"చూస్తున్నా" అని చొక్కా అవతలికి తిప్పాడు.

ఆ అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది. అడిగినదానికల్లా సరే అంటాడనే కదా అతనికా పేరు! నిజానికి అడగనిదానికి కూడా అనేవాడు. చదువు మానెయ్యమని అన్నయ్య చెబితే సరే అన్నాడు. ఒక సంబంధం కుదిరినట్టే కుదిరి, ఆ పిల్ల ఇతన్ని చూసి ఇష్టంగా నవ్వాక, "మనకొద్దులేరా" అని అన్నయ్య తేల్చేస్తే దానికీ సరే అన్నాడు. ఆ పూట అతను భోజనం చెయ్యలేదని వదిన ఒక్కతే గమనించింది. అన్నయ్య ఇంట్లో మెట్ల పక్కగదిలో జుట్టు నెరిసింది. ఇంట్లో కుర్చీని జరిపేముందు కుర్చీని అడుగుతామా? ఇతన్నీ అంతే.

ఈ లాండ్రీకి ఇప్పుడు యజమాని లేడు. ఉన్నాయన ఒకనాడు అందరి జీతాలూ మూటగట్టుకుని ఉడాయించాడు. మిగిలిన ఏడుగురూ మిషన్లు ఆపకుండా నడుపుకున్నారు. ఆయన అప్పులు చూపించి ఏ బ్యాంకూ వీళ్ళకి ఖాతా ఇవ్వలేదు. అప్పుడు కౌంటరు అమ్మాయి క్రిప్టో మాట ఎత్తింది. "మన డబ్బు లెక్క లోకంలో వేల కంప్యూటర్లలో ఉంటుంది. ఏ ఒక్కడి గుప్పిట్లోనూ ఉండదు. ఏడుగురికీ ఏడు తాళంచెవులు. పెద్ద తాళంచెవి అంటూ ఎవరి దగ్గరా ఉండదు" అంది. సగం అర్థమైంది, సగం కాలేదు. ఎత్తుకుపోయేవాడు ఉండడన్న సంగతి మాత్రం అందరికీ బాగా ఎక్కింది.

సబ్బులకీ కరెంటుకీ నలుగురు తమ ఫోనుల్లో సరే అని నొక్కితే చాలనుకున్నారు. మరి పెద్ద ఖర్చులకి?

"ఐదుగురు చాల్లే" అన్నాడు బట్టలు చేరవేసే బండి మామ.

ఉతుకుడు మిషన్ల దగ్గరుండే మిషన్ అక్క ఒప్పుకోలేదు. "చాలదు. ఐదుగురు చాలంటే ఇదిగో ఈయన్ని ఎవరూ అడగరు. పెద్ద పనికి ఏడుగురూ సరే అనాల్సిందే. అది మార్చాలన్నా ఏడుగురూ అనాల్సిందే" అని వేలు పెట్టి చూపించింది. అందరూ ఇతని వైపు తిరిగారు. అంతమంది ఒక్కసారి తనకేసి చూడటం అతనికి అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక, ఇస్త్రీ అయిన దుప్పటినే మళ్ళీ ఇస్త్రీ చేశాడు.

ఎవరి తాళానికి వాళ్ళకి పన్నెండు రహస్య మాటలు వచ్చాయి. ఫోను పోయినా పాడైనా అవి ఉంటే చాలు. "ఎవరి కంటా పడకూడదు" అని కౌంటరు అమ్మాయి గట్టిగా చెప్పింది. మిగతావాళ్ళు ఆ కాగితాన్ని పెట్టె అడుగున దాచుకున్నారు. సరే బాబాయి మాత్రం చెప్పింది చెప్పినట్టు చేశాడు. కంఠతా పట్టి, కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి ముద్ద చేసి పారేశాడు. ఎందుకైనా మంచిదని ఫోనుకి కూడా ఇంకో రహస్య అంకె పెట్టాడు. వేలిముద్ర పెడదామంటే, వేడికి అరిగిపోయిన ఆ వేళ్ళని ఫోను గుర్తుపట్టలేదు.

ఇప్పుడొచ్చిన పెద్ద పని, లాండ్రీ నడుస్తున్న ఈ అద్దె షెడ్డు. దాన్ని అమ్మేస్తున్నారు. రేపు మధ్యాహ్నంలోగా డబ్బు చేరితే వీళ్ళకి, లేకపోతే పక్క గోదాము వాళ్ళకి. ఇన్నాళ్ళూ కూడబెట్టింది సరిగ్గా సరిపోతుంది. ఆరుగురూ పొద్దున్నే సరే అన్నారు. ఏడో సరే ఒక్కటే రావాలి.

టీ వేళకి అందరూ ఏదో ఒక పని కల్పించుకుని అతని బల్ల చుట్టూ చేరారు.

"ఏవయ్యా, కొత్త పెళ్ళికొడుకులా బెట్టు చేస్తున్నావ్?" అన్నాడు బండి మామ. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు గాని ఫోను తియ్యలేదు.

మిషన్ అక్క టీ గ్లాసు ముందు అతనికే ఇచ్చి, మిగతావాళ్ళు కదిలేదాకా అక్కడే ఉంది. "ఏం బాబాయ్, నీకిష్టం లేదా? లేకపోతే లేదని చెప్పు. తప్పేం లేదు" అంది.

"అయ్యో, ఇష్టం లేకేం అక్కా? సరే అనేదేగా. రేపు పొద్దున్నే వచ్చి అందరి ముందూ నొక్కుతాను." గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఇవాళొక్కరోజు ఇలా ఉండనీ."

"ఎలా ఉండనీ?"

"అడుగుతూ ఉండండి" అన్నాడు సిగ్గుపడుతూ.

ఆమెకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "సరే" అంది.

ఆ సాయంత్రం దాకా అతని చేతిలో ఇస్త్రీపెట్టె తేలిగ్గా ఆడింది. తన మాట కోసం ఒక షెడ్డు, ఆరుగురు మనుషులు, వాళ్ళ పిల్లాపాపలు ఎదురుచూస్తున్నారు. గర్వం కాదది. గర్వపడటం అతనికి చేతకాదు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి, ముందు వడ్డించి ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇంటికెళ్ళేసరికి అన్నయ్య పేపరు మడుస్తూ, "నీ గది అద్దెకిచ్చేస్తున్నాం. రేపట్నుంచి వసారాలో పడుకో" అన్నాడు.

"ఆలోచించి చెప్తానన్నయ్యా."

గిన్నెలు తోముతున్న వదిన చెయ్యి ఆగిపోయింది. అన్నయ్య పేపరు మళ్ళీ విప్పుకుని, చదివిన పేజీనే చదివాడు.

మర్నాడు తెల్లవారాక వదిన పిలిచింది. పలకలేదు. దగ్గరికెళ్ళి పాదం తాకి చూసి, అక్కడే కూలబడిపోయింది. నిద్రలోనే పోయాడు. చావు కూడా అతన్ని అడగలేదు.

కబురు తెలిసి ఆరుగురూ పరుగున వచ్చారు. ఏడవటానికి వచ్చారు, ఏడ్చారు. షెడ్డు మాట ఎత్తడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. చివరికి కౌంటరు అమ్మాయే ముక్కు తుడుచుకుంటూ వదిన పక్కన చతికిలబడింది.

"అత్తా, అంకె తెలీక బాబాయి ఫోను తెరుచుకోవట్లేదు. నీకేమైనా మాటలు చెప్పాడా? పన్నెండు మాటలు?"

"నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదమ్మా ఎప్పుడూ. పన్నెండెక్కడ చెప్తాడు?" అని వదిన కొంగులో ముఖం దాచుకుంది.

"నాతో సరే అన్నాడే! నిన్న టీ ఇచ్చినప్పుడు నాతో అన్నాడు" అంది మిషన్ అక్క.

"మనకి తెలుసక్కా. దానికి తెలీదు" అంది ఆ అమ్మాయి, తన ఫోనులో ఆరు పచ్చ గుర్తుల పక్కనున్న ఖాళీని చూపిస్తూ. డబ్బు అక్కడే ఉంది. ఎవడూ ఎత్తుకుపోలేడు, వీళ్ళతో సహా.

"ఆ రోజే చెప్పాను, ఐదుగురు చాలని" అంటూ బండి మామ గోడకి తల ఆనించాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఆ ఐదుగురిలో చేరని మనిషి ఎదురుగానే పడుకుని ఉన్నాడు. షెడ్డాయనకి ఫోను చేసి ఇంకొక్క రోజు ఆగమని బతిమాలారు. అవతల మాటిచ్చేశానన్నాడు. మధ్యాహ్నం దాటింది. ఆరుగురిలో ఒక్కరూ అక్కణ్ణించి కదల్లేదు.

సాయంత్రం, అంతా అయ్యాక, మిషన్ అక్క వదినతో కలిసి ఆ గది సర్దడానికి వెళ్ళింది. సర్దడానికి పెద్దగా ఏమీ లేదు. తలుపు వెనక మేకుకి మాత్రం ఒక తెల్ల చొక్కా వేలాడుతోంది.

"మొన్నటిదాకా ఎన్నడూ లేంది, రాత్రి నా ఇస్త్రీపెట్టె అడిగి తీసుకున్నాడు" అంది వదిన. "పొద్దున్నే నలుగురిలో మాట్లాడాలి వదినా, అన్నాడు."

ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసి, తను నలిగిన బట్టల్లోనే తిరిగిన మనిషి. నలగకుండా మెడ దాకా గుండీలు పెట్టి, రెండు చేతులూ తిన్నగా కిందికి వదిలి ఉన్న ఆ చొక్కా, ఎవరైనా వచ్చి తొడుక్కుంటారేమో అన్నట్టు తలుపు వెనకే ఉంది.