వెనక్కి తిరిగిన మేస్త్రి

ఆ జైల్లో ఒక పట్టింపు ఉంది. విడుదలైనవాడు గేటు దాటాక వెనక్కి చూడకూడదు. చూస్తే మళ్ళీ లోపలికే వస్తాడట. గజదొంగ మొదలు గడ్డిమోపు దొంగ దాకా అందరిదీ అదే మాట.

దానితో చావొచ్చింది జైలు కాంపౌండరుకు. అతని చేతి మందు మింగే క్షయ రోగులకు బెయిలు కాగితం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిందంటే మనిషి ఆ క్షణమే బయట. సంగతి తెలిసి, కాంపౌండరు మందుల పొట్లం పట్టుకుని, మోకాళ్ళ నొప్పులతో గేటు చేరేసరికి అతగాడు రోడ్డెక్కి ఉంటాడు. "ఒరే, మందులురా!" అని అరిస్తే నడక కాస్తా పరుగవుతుంది. దగ్గు తగ్గాక మందెందుకనే ప్రబుద్ధులు కొందరున్నారు. మిగతావాళ్ళకు మెడ తిరగదు, అంతే. అలా పోయిన వడ్రంగి ఒకడు ఏడాది తిరక్కుండా ఇంకో కేసులో వచ్చాడు. ఈసారి పాత మందులు పనిచెయ్యలేదు. స్ట్రెచరు మీద వెళ్ళిపోయాడు.

ఈ ఉదయం తాపీమేస్త్రి వంతు.

"మేస్త్రీ! ఆగవయ్యా!"

గేటు జవాను నవ్వాడు. "గొంతు చించుకోకండి సార్. గోడకు చెప్పుకున్నట్టే."

మేస్త్రి ఆగాడు. వీపు ఇటే ఉంది. కిటికీ చువ్వల వెనక నుంచి ఎవరో కేకేశారు. "తిరక్కు బావా! కొంప మునుగుతుంది!"

మేస్త్రి భుజాలు బిగుసుకున్నాయి. తర్వాత మొత్తంగా ఇటు తిరిగాడు. ఇంకొకడు కట్టిన గోడను చూసినట్టు ఆ గేటును అడుగు నుంచి కొస దాకా చూశాడు. చూస్తూనే నడిచి వచ్చాడు.

"భయం లేదా?" కాంపౌండరు పొట్లం అందించాడు.

"ఎందుకుండదు సార్? చూస్తే నేను లోపలికొస్తానంటారు. మందు మానితే ఈ జబ్బు మా ఇంట్లోకొస్తుంది. చంటిది నా గుండెల మీదే పడుకుంటుంది." పొట్లం విప్పాడు. "ఇవాళ్టివి మింగలేదు. కాసిని నీళ్ళిస్తారా?"

జవాను తన సీసా తెచ్చి రెండు చేతులా అందించాడు.

"ఈ మందులు అయిపోయేలోగా మీ పేట ఆసుపత్రికి కబురు పెడతాను," అన్నాడు కాంపౌండరు.

"అక్కడ మందు అందకపోతే ఇక్కడికే వస్తాను సార్."

పారిపోయేవాళ్ళ కోసం ఇన్నేళ్ళుగా దాచిన తిట్లు కాంపౌండరు దగ్గర బోలెడున్నాయి. వాటిని అక్కడే వదిలి, మోకాళ్ళ నొప్పులతోనే ఈ మనిషిని రోడ్డు దాకా సాగనంపాడు.